ఆస్కార్స్‌బోర్గ్ తీర ఫిరంగి స్థావరం: తరచుగా అడిగే ప్రశ్నలు

1940 ఏప్రిల్ 9 తెల్లవారుజామున నార్వేలోని ఒక పాత కోట హిట్లర్ నౌకాదళపు సరికొత్త క్రూయిజర్ బ్లూషర్‌ను ముంచేసింది. రెండో ప్రపంచ యుద్ధం గురించి చదివేవారిలో చాలామందికి ఈ సంగతి తెలుసు. అయితే ఎక్కువగా దీన్ని అదృష్టం కలిసివచ్చిన కథగానే చెబుతుంటారు. ఆ ఓడ ఆ చోటికి, అంత నెమ్మదిగా, అంత దగ్గరగా రావలసి రావడం వెనుక దాదాపు వందేళ్ల ఆలోచన ఉంది. ఆ ఆలోచనను వివరంగా చెప్పాలన్నదే ఈ ప్రశ్నోత్తరాల ఉద్దేశం.

ఆస్కార్స్‌బోర్గ్ సరిగ్గా ఎక్కడ ఉంది?

నార్వే రాజధాని ఓస్లో రేవు పట్టణమే అయినా బయటి సముద్రానికి చాలా లోపల ఉంటుంది. భూమిలోకి దాదాపు వంద కిలోమీటర్లు చొచ్చుకొచ్చిన ఓస్లో ఫియోర్డ్ అనే సముద్రపు పాయ కొసన ఆ నగరం వెలిసింది. ఓస్లోకు దక్షిణాన ముప్ఫై కిలోమీటర్లు దాటాక, డ్రోబాక్ అనే చిన్న పట్టణం దగ్గర ఈ పాయ బాగా ఇరుకవుతుంది. ఆ ఇరుకులో, నీటి నడుమ, ఉత్తర కహోల్మెన్, దక్షిణ కహోల్మెన్ అని రెండు చిన్న దీవులున్నాయి. కోట వాటి మీదే ఉంది. బయటి నుంచి ఓస్లోకు వచ్చే ఏ పెద్ద ఓడైనా ఈ దీవుల పక్కనుంచే పోవాలి, మరో దారి లేదు.

దాన్ని ఎప్పుడు కట్టారు? ఆ పేరెలా వచ్చింది?

ఈ జలసంధిలో కాపలా అవసరమన్న సంగతి 17వ శతాబ్దంలోనే గుర్తించారు. ఇప్పుడు కనిపించే ప్రధాన కోటను 1846 నుంచి 1853 వరకు కట్టారు. అప్పట్లో నార్వే, స్వీడన్ దేశాలు ఒకే రాజు కింద ఉండేవి. ఆ రాజు మొదటి ఆస్కార్ 1855లో కోటను చూడడానికి వచ్చారు. అప్పటి నుంచి దానికి ఆయన పేరు స్థిరపడింది.

నీటి అడుగున గోడ కట్టారంటారు, నిజమేనా?

నిజమే. ఆస్కార్స్‌బోర్గ్ గురించి ఒక్క విషయమే చెప్పమంటే ఫిరంగులను పక్కన పెట్టి ఈ గోడ గురించే చెప్పాలి. దీవులకు తూర్పున, డ్రోబాక్ వైపు ఒక దారి ఉంది. పడమటి వైపు, హురుమ్ ఒడ్డుకూ దీవికీ మధ్య ఇంకొకటి ఉంది. శత్రువు ఈ రెండింటిలో దేన్నైనా ఎంచుకునే వీలుంటే కోట తన బలాన్ని రెండుగా చీల్చుకోవాలి. అందుకే 1874 నుంచి 1879 వరకు పడమటి దారిలో రాళ్లు పోసి, నీటి మట్టానికి కాస్త దిగువ వరకు కట్ట లేపారు. దాని పొడవు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. చిన్న పడవలు దాని మీదుగా పోగలవు. యుద్ధనౌక పోవాలని చూస్తే అడుగు భాగం రాళ్లకు తగులుతుంది.

ఆ ఒక్క కట్టతో లెక్క మొత్తం మారిపోయింది. రాబోయే శత్రువు తూర్పు దారిలోనే రావాలి. అది ఇరుకు, అందులో వేగం తగ్గించక తప్పదు, పక్కకు తిరగడానికి చోటు చాలదు. కోటలోని ప్రతి ఆయుధాన్నీ ఆ దారి మీదికే గురిపెట్టి ఉంచవచ్చు. బ్లూషర్‌ను ముంచిన ఆయుధాల జాబితా రాసేటప్పుడు చరిత్రకారులు ఫిరంగులనూ టార్పెడోలనూ మాత్రమే లెక్కపెడతారు. నా దృష్టిలో ఆ జాబితాలో మొదటి పేరు ఈ రాతికట్టదే. అంతకు అరవయ్యేళ్ల ముందు చెమటోడ్చి రాళ్లు మోసిన కూలీలకు కూడా ఆ విజయంలో వాటా ఉంది. కట్ట ఇప్పటికీ నీళ్ల కింద అలాగే ఉంది.

పెద్ద ఫిరంగులు ఎవరివి? వాటికి పేర్లు కూడా ఉన్నాయట?

మూడు ఫిరంగులూ జర్మనీలో, ఎసెన్ నగరంలోని క్రుప్ కర్మాగారంలో తయారైనవి. 1893లో కోటకు చేరాయి. గొట్టం లోపలి వెడల్పు 28 సెంటీమీటర్లు, గుండు బరువు దాదాపు 255 కిలోలు. బైబిల్ నుంచి తీసుకుని వాటికి ఆరోన్, యెహోషువ, మోషే అని పేర్లు పెట్టారు. ఓడ నుంచి దింపేటప్పుడు ఒక ఫిరంగి నీళ్లలో పడిపోయిందని, దాన్ని మళ్లీ పైకి లాగారని, నీటిలోంచి తీసిన శిశువు కథను తలుచుకుని దానికే మోషే అని పేరు పెట్టారని సంప్రదాయంగా చెబుతారు.

జర్మన్ ఫిరంగులే జర్మన్ ఓడను కూల్చడం వింతగా అనిపించవచ్చు. కానీ ఆ కాలంలో క్రుప్ ప్రపంచమంతటికీ ఫిరంగులు అమ్మేది. కొనే స్తోమత ఉన్న చిన్న దేశాలు అక్కడే కొనేవి.

1940 నాటికి అవి పనికిరానంత పాతవి కావా?

ఒక రకంగా అవును. అప్పటికి అవి వచ్చి 47 ఏళ్లయింది. మళ్లీ మందు కూరి, గుండు ఎక్కించి, గురి చూసి కాల్చడానికి నిమిషాలు పట్టేది. పైన కప్పు లేదు కాబట్టి విమానాల నుంచి రక్షణ లేదు. బహిరంగ సముద్రంలో ఇరవై కిలోమీటర్ల దూరాన కదులుతున్న ఆధునిక యుద్ధనౌకతో పోరాడమంటే అవి చేయగలిగింది ఏమీ లేదు.

అయితే ఇక్కడి దూరం ఒకటిన్నర కిలోమీటర్ల లోపే. అంత దగ్గర నుంచి 255 కిలోల గుండు తగిలితే అది ఏ సంవత్సరంలో తయారైన ఫిరంగిలోంచి వచ్చిందన్నదానితో పని లేదు. పాత ఆయుధాన్ని దాని బలహీనత బయటపడని చోట నిలబెట్టడం ఒక గొప్ప విద్య. ఆస్కార్స్‌బోర్గ్‌ను రూపొందించినవారికి ఆ విద్య తెలుసు.

ఈ మూడు కాక ఇంకా ఏమేం ఉండేవి?

డ్రోబాక్ వైపు కొండవాలులో కోపాస్ అనే చోట 15 సెంటీమీటర్ల ఫిరంగులు మూడు ఉండేవి. ఒడ్డు దగ్గర హుస్విక్‌లో 57 మిల్లీమీటర్ల చిన్న ఫిరంగులు ఉండేవి. సర్చ్‌లైట్లు ఉండేవి. ఫియోర్డ్‌లో మందుపాతరలు పరచాలన్న పథకం కూడా ఉండేది కానీ ఆ రాత్రికి ప్రభుత్వం నుంచి ఆదేశం రాలేదు, కాబట్టి నీళ్లలో ఒక్క మందుపాతర కూడా లేదు. ఇవన్నీ బయటివారికీ కొంతవరకు తెలిసిన సంగతులే. తెలియనిది ఒకటుంది. అదే టార్పెడో స్థావరం.

టార్పెడో స్థావరం ఎలా పనిచేసేది?

ఉత్తర కహోల్మెన్ దీవిలో రాతిని తొలిచి, 1900 ప్రాంతంలో దీన్ని సిద్ధం చేశారు. బయట నుంచి చూస్తే మామూలు రాతి ఒడ్డు లాగానే ఉంటుంది. లోపల గుహలో టార్పెడోలను పట్టుకునే ఉక్కు చట్రాలు ఉంటాయి. టార్పెడోను చట్రం మీద ఉంచి, చట్రాన్ని నీటి మట్టానికి కిందికి దించుతారు. అక్కడి నుంచి సొరంగంలో పట్టాల మీదుగా టార్పెడో ఫియోర్డ్‌లోకి దూసుకుపోతుంది. ఇలాంటి సొరంగాలు మూడు. ఒడ్డున ఎక్కడా పొగ కనిపించదు, మంట కనిపించదు. ఓడలో ఉన్నవారికి ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా తెలియదు.

టార్పెడోలు ఆస్ట్రియా-హంగేరిలో తయారైన వైట్‌హెడ్ రకానివి. 1940 నాటికి వాటి వయసు దాదాపు 40 ఏళ్లు. శిక్షణలో ఎన్నోసార్లు వదిలి, తిరిగి తెచ్చి, శుభ్రం చేసి దాచినవి. వాటిని శత్రువు మీద ప్రయోగించిన సందర్భం అంతకుముందు ఒక్కటి కూడా లేదు. నలభై ఏళ్ల పాటు ప్రతి తరం సిబ్బందీ వాటికి నూనె రాసి, విప్పి, బిగించి, తర్వాతి తరానికి అప్పగిస్తూ వచ్చారు. ఎన్నడూ రాని శత్రువు కోసం అంత శ్రద్ధగా పనిచేసిన ఆ పేరులేని మనుషుల మీద నాకు చాలా గౌరవం. జర్మన్ గూఢచారులు కోట గురించి బాగానే సమాచారం సేకరించారు కానీ ఈ గుహ సంగతి వారికి అందలేదు.

ఆ రాత్రి కోటలో ఎంతమంది ఉన్నారు?

కావలసినంత మంది లేరు. ఉన్నవారిలో ఎక్కువమంది అప్పుడే సైన్యంలో చేరిన కుర్రాళ్లు, శిక్షణ మొదలై కొద్ది రోజులే అయింది. పెద్ద ఫిరంగిని నడపడం తెలిసినవారు ఒక్క ఫిరంగికి సరిపోయేంత మందే ఉన్నారు. కోట అధిపతి కల్నల్ బిర్గర్ ఎరిక్సెన్ వారిని రెండుగా విడగొట్టి, ఖాళీలను కొత్తవారితో, వంటవారితో సహా దొరికినవారితో నింపారు. అలా ఆరోన్, మోషే సిద్ధమయ్యాయి. యెహోషువ దగ్గర నిలబడడానికి మనుషులు లేరు.

టార్పెడో స్థావరం అధికారి అనారోగ్యంతో సెలవులో ఉండడం వల్ల, ఆయన స్థానంలో డ్రోబాక్‌లో ఉంటున్న విశ్రాంత అధికారి ఆండ్రియాస్ ఆండర్సెన్‌ను పిలిపించారు. ఆ స్థావరంలో ఆయన ఎన్నో ఏళ్ల కిందట పనిచేశారు. ఎరిక్సెన్ వయసు 64, పదవీ విరమణకు దగ్గరపడ్డారు. పాత ఫిరంగులు, పాత టార్పెడోలు, పెద్ద వయసు అధికారులు, పని తెలియని కుర్రాళ్లు: కోట బలమంతా ఇదే.

వస్తున్న ఓడలు ఎవరివో తెలియకుండానే కాల్చారా?

అవును, ఈ కథలో అన్నిటికంటే బరువైన ఘట్టం అదే. నార్వే అప్పటికి తటస్థ దేశం. తటస్థత నియమాల ప్రకారం విదేశీ యుద్ధనౌక లోపలికి వస్తే మొదట హెచ్చరికగా కాల్చాలి. ఏప్రిల్ 8 రాత్రి ఫియోర్డ్ ముఖద్వారం దగ్గర పోల్ 3 అనే చిన్న కాపలా పడవ ఈ ఓడలను అడ్డగించింది. దాని కెప్టెన్ లీఫ్ వెల్డింగ్ ఓల్సెన్ ఆ ఘర్షణలో ప్రాణాలు కోల్పోయారు. ఆ దాడిలో చనిపోయిన మొదటి నార్వే సైనికుడు ఆయనే. బయటి కోటలు పొగమంచులో కాల్పులు జరిపాయి, ఓడలు ఆగలేదు. దీపస్తంభాలు ఆర్పేశారు, అయినా చీకట్లోనే ముందుకు వచ్చాయి. అవి జర్మనీవా, బ్రిటన్‌వా అన్నది మాత్రం ఎరిక్సెన్‌కు స్పష్టంగా తెలియదు. పైనుంచి ఆదేశం కూడా లేదు.

ఆయన ముందున్న లెక్క ఇది. ఒక్కో పెద్ద ఫిరంగికి ఒక్క అవకాశమే ఉంది. రెండోసారి గుండు ఎక్కించేలోపు ఓడ దాటిపోతుంది. హెచ్చరికగా ఒక గుండు వదిలితే సగం బలం పోయినట్టే. నిజంగానే కాల్చాలా అని కిందివారు సంకోచిస్తే, "నాకు పతకమైనా ఇస్తారు, సైనిక న్యాయస్థానం ముందైనా నిలబెడతారు. కాల్చండి!" అన్నారని చెబుతారు. దీన్ని వీరుడి మాటగా చదివేవారు ఎక్కువ. నాకు మాత్రం ఇందులో ఒక అధికారి బాధ్యత వినిపిస్తుంది. తప్పయితే శిక్ష తనకే పడాలని, ఫిరంగి దగ్గరున్న కుర్రాళ్లకు కాదని ఆయన ముందే తేల్చేశారు.

కాల్పుల సమయంలో ఏం జరిగింది?

ఉదయం 4:21కి ఆరోన్ పేలింది. గుండు బ్లూషర్ పైభాగంలో, విమానాలపై కాల్పులను నియంత్రించే చోటికి దగ్గరగా తగిలింది. వెంటనే మోషే పేలింది. రెండో గుండు ఓడ నడుమ భాగంలో, విమానం ఉంచే షెడ్డు దగ్గర పడి ఇంధనాన్ని అంటించింది. ఓడలో సైన్యం కోసం తెచ్చిన సామగ్రి, పేలుడు పదార్థాలు కవచం లేని చోట్ల పేర్చి ఉన్నాయి. మంటలు వాటికి పాకాయి. అవతలి ఒడ్డు నుంచి కోపాస్ ఫిరంగులు వరుసగా కాల్చాయి. అక్కడి దూరం ఇంకా తక్కువ, చాలా గుండ్లు తగిలాయి. ఓడను మళ్లించే యంత్రాంగం దెబ్బతింది. విద్యుత్తు పోయింది. బ్లూషర్ తన పెద్ద ఫిరంగులను ఒక్కసారి కూడా పేల్చలేకపోయింది. చిన్న తుపాకులు గుడ్డిగా అన్ని వైపులా కాల్చాయి.

మండుతూనే ఓడ ముందుకు జరిగి టార్పెడో గుహ ఎదుటికి వచ్చింది. సుమారు అర కిలోమీటరు దూరం నుంచి ఆండర్సెన్ రెండు టార్పెడోలు వదిలారు. రెండూ తగిలాయి. మూడోదాన్ని వెనుక వచ్చే ఓడ కోసం ఆపి ఉంచారు. మొదటి గుండు నుంచి అప్పటికి గడిచిన సమయం పది నిమిషాలు కూడా ఉండదు.

ఓడ వెంటనే మునిగిందా?

లేదు. కాస్త ముందుకు వెళ్లి లంగరు వేసింది. నావికులు మంటలు ఆర్పడానికి ప్రయత్నించారు. మధ్యలోని ఒక మందుగుండు గది పేలాక ఇక నిలవలేదు. ఒక పక్కకు ఒరిగి, తెల్లవారాక మునిగిపోయింది. నీళ్ల మీద చమురు పరుచుకుని అది కూడా మండింది. ఏప్రిల్‌లో ఆ నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి. ఓడలో నావికులు, సైనికులు కలిపి రెండు వేలకు పైగా ఉన్నారు, వారిలో వందలమంది చనిపోయారు. కచ్చితమైన సంఖ్య గురించి లెక్కల్లో తేడాలున్నాయి. వారిలో చాలామంది కోటలోని కొత్త సైనికుల వయసువారే. ఈ విజయాన్ని ఎంత మెచ్చుకున్నా, ఆ సంగతి దాటవేయకూడదు.

ఆ ఓడల బృందానికి అధిపతి అయిన అడ్మిరల్ కుమ్మెట్స్, ఓస్లోను పట్టుకోవలసిన సైనికదళం అధిపతి జనరల్ ఎంగెల్‌బ్రెష్ట్ ఇద్దరూ ఒడ్డు చేరి బతికారు.

వెనుక వచ్చిన ఓడల మాటేమిటి?

రెండో పెద్ద ఓడ లుట్సోకు కోపాస్ గుండ్లు తగిలాయి, ముందరి ఫిరంగి గది పనిచేయకుండా పోయింది. మందుపాతరలే బ్లూషర్‌ను దెబ్బతీశాయని జర్మన్లు అనుకున్నారు. లేని మందుపాతరలకు భయపడి వెనక్కి తిరిగారు, సైనికులను దక్షిణాన ఒడ్డుకు దించారు. తిరుగు ప్రయాణంలో ఏప్రిల్ 11న బ్రిటిష్ జలాంతర్గామి స్పియర్‌ఫిష్ చేతిలో లుట్సో మరోసారి తీవ్రంగా దెబ్బతింది.

ఓస్లో అదే రోజు జర్మన్ల చేతికి చిక్కింది కదా, మరి లాభమేమిటి?

ఇది న్యాయమైన ప్రశ్న. ఫోర్నెబు విమానాశ్రయంలో దిగిన జర్మన్ సైనికులు అదే రోజు రాజధానిలోకి నడిచారు. ఆస్కార్స్‌బోర్గ్ ఓస్లోను కాపాడలేదు. అది సంపాదించి పెట్టింది కొన్ని గంటలు మాత్రమే.

ఆ గంటలు ఏమయ్యాయో చూడాలి. జర్మన్ల పథకం ప్రకారం తెల్లవారేసరికి బ్లూషర్ ఓస్లో రేవులో ఉండాలి, రాజునూ ప్రభుత్వాన్నీ వారు నిద్రలేవకముందే పట్టుకోవాలి. ఓడ రాలేదు. పార్లమెంటు అధ్యక్షుడు హాంబ్రో చురుగ్గా ఏర్పాట్లు చేశారు. ఉదయం ఏడున్నరకు కాస్త ముందు రాజు ఏడవ హాకోన్, ఆయన కుటుంబం, మంత్రులు, పార్లమెంటు సభ్యులు ప్రత్యేక రైలులో హామర్‌కు బయలుదేరారు. జాతీయ బ్యాంకులోని సుమారు 50 టన్నుల బంగారాన్ని లారీలలో తరలించారు. చివరకు అది సముద్రం దాటి క్షేమంగా చేరింది. ఆ సాయంత్రం ఎల్వెరుమ్‌లో పార్లమెంటు, దేశం బయట నుంచైనా పాలించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. మరునాడు లొంగిపొమ్మన్న జర్మన్ షరతులను రాజు తిరస్కరించారు. జర్మన్ల పక్షం వహించిన నార్వే రాజకీయ నాయకుడు క్విస్లింగ్ రేడియోలో తనను తాను ప్రధానిగా ప్రకటించుకున్నాడు, అయినా చట్టబద్ధమైన ప్రభుత్వం వేరే ఉందని అందరికీ తెలుసు. రాజు, ప్రభుత్వం 1940 జూన్ 7న ట్రోమ్సో నుంచి బ్రిటన్‌కు వెళ్లారు. వెయ్యి వరకు నార్వే వాణిజ్య నౌకలు వారి ఆధీనంలో మిత్రపక్షాల కోసం పనిచేశాయి.

ఒక నగరం పోయింది, ఒక రాజ్యం మిగిలింది. కోట విలువను కొలవాలంటే మునిగిన ఓడ కంటే బయలుదేరిన ఆ రైలును చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

అంత గెలిచాక కోట ఎందుకు లొంగిపోయింది?

ఏప్రిల్ 9న పగలంతా జర్మన్ విమానాలు కోట మీద బాంబులు వేశాయి. ఎదుర్కోవడానికి తగిన ఆయుధాలు లేవు. అయినా కోటలో ఎవరూ చనిపోలేదు. రాజధాని పడిపోయిందని, వెనుక ఒడ్డున జర్మన్ సైన్యం దిగిందని తెలిశాక పోరు కొనసాగించడం వల్ల కుర్రాళ్ల ప్రాణాలు పోవడమే తప్ప ఫలితం ఉండదని ఎరిక్సెన్ నిర్ణయించారు. ఏప్రిల్ 10 ఉదయం కోటను అప్పగించారు.

ఎరిక్సెన్‌కు తర్వాత పతకం వచ్చిందా?

వచ్చింది. ఖడ్గంతో కూడిన యుద్ధ శిలువ, అంటే నార్వే ఇచ్చే అత్యున్నత శౌర్య పతకం, ఆయనకు ఇచ్చారు. ఫ్రాన్స్ కూడా గౌరవించింది. 1958లో డ్రోబాక్‌లో కన్నుమూశారు.

మునిగిన ఓడ ఇంకా అక్కడే ఉందా?

ఉంది. డ్రోబాక్‌కు కాస్త ఉత్తరంగా, సుమారు 90 మీటర్ల లోతున పడి ఉంది. దశాబ్దాల పాటు చమురు కారుతూ ఉండడంతో 1994లో గజ ఈతగాళ్లు వెయ్యి టన్నులకు పైగా చమురును బయటికి తోడారు. అప్పుడే ఓడలోని అరాడో రకం విమానం ఒకదాన్ని పైకి తీశారు. ఓడ లంగరు ఒకటి ఓస్లో రేవులోని ఆకర్ బ్రిగ్గె దగ్గర పెట్టారు.

యుద్ధం తర్వాత కోటను వాడారా?

1945 మేలో నార్వే సైన్యం తిరిగి స్వాధీనం చేసుకుంది. తర్వాత చాలాకాలం తీర ఫిరంగి దళానికి శిక్షణ ఇక్కడే జరిగేది. ఆశ్చర్యం కలిగించే విషయం, టార్పెడో గుహను ఆధునికం చేసి ప్రచ్ఛన్న యుద్ధకాలమంతా సిద్ధంగా ఉంచారు. 1993 వరకు దాన్ని సేవ నుంచి తప్పించలేదు, ఆ సమయమంతా దాని సంగతి రహస్యంగానే ఉంచారు.

ఇప్పుడు వెళ్లి చూడవచ్చా?

చూడవచ్చు. సైన్యం ఖాళీ చేశాక కోటను ప్రజలకు తెరిచారు. డ్రోబాక్ నుంచి చిన్న ఫెర్రీలో కొద్ది నిమిషాల ప్రయాణం. వేసవిలో ఓస్లో నుంచి కూడా పడవలు నడుస్తాయి. మ్యూజియం, హోటల్ ఉన్నాయి, కోట ప్రాంగణంలో వేసవిలో సంగీత నాటకాలు ప్రదర్శిస్తారు. మూడు పెద్ద ఫిరంగులూ వాటి చోట్లలోనే ఉన్నాయి. చాలామంది వాటి పక్కన ఫొటో దిగి తిరిగి వెళ్లిపోతారు. మీరు అలా చేయకండి. ఆరోన్ దగ్గర నిలబడి ముందు డ్రోబాక్ వైపు దారి ఎంత ఇరుకో చూడండి, తర్వాత పడమటి వైపు తిరిగి, కట్ట ఉన్న చోట పెద్ద ఓడ ఒక్కటి కూడా ఎందుకు కనిపించదో గమనించండి. ఆ తర్వాత ఉత్తర దీవికి నడిచి టార్పెడో గుహకు వెళ్లండి. లోపల చలిగా ఉంటుంది, వేసవిలోనైనా ఒక స్వెట్టర్ దగ్గర పెట్టుకోండి.